టూరింగ్ బండికి టైర్లు: సగం అరిగాకే అసలు తేడా

టూరింగ్ బండికి, అంటే దూర ప్రయాణాల మోటార్‌సైకిల్‌కి, కొత్త టైర్లు వేయించుకున్నవాళ్లని ఆ వారంలో అడిగి చూడండి, అందరూ ఒకటే చెబుతారు: బండి వెన్నలా పోతోంది, మలుపుల్లో దానంతటదే వాలుతోంది అని. వాలక ఏం చేస్తుంది? నిన్నటిదాకా వాళ్లు తిరిగింది నడుమ బల్లపరుపుగా అరిగిపోయిన టైరు మీద. దాని పక్కన ఏ కంపెనీ కొత్త టైరు పెట్టినా గెలుస్తుంది. అందుకే మొదటి వారం అభిప్రాయాన్ని నేను పట్టించుకోను, అది నాదైనా సరే. సగం అరిగాక ఎలా ఉందో చెప్పేవాళ్లు దొరికితే మాత్రం కూర్చోబెట్టి వింటాను.

మా బండి నేను నడుపుతాను, మా ఆయన వెనక కూర్చుంటారు. పక్కల రెండు పెట్టెలు, వెనక ఇంకొకటి. అవి ఎప్పుడూ నిండే ఉంటాయి. కాబట్టి టైరు ఎంచేటప్పుడు ముందు చూసేది బరువు. గ్రిప్పు సంగతి తర్వాత.

బరువు లెక్క టైరు పక్కనే రాసి ఉంటుంది. ఈ తరహా బళ్లలో చాలావాటికి వెనక టైరు మీద 180/55 జెడ్‌ఆర్ 17, దాని తర్వాత 73 డబ్ల్యూ అని ఉంటుంది. 180 అంటే వెడల్పు, మిల్లీమీటర్లలో. 55 అంటే టైరు పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 55 శాతమని. 17 అంటే రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. వీటిని అందరూ చూస్తారు, 73ని చూసేవాళ్లే తక్కువ. అది మోయగల బరువుకి గుర్తు: 73 అంటే 365 కిలోలు, 75 అంటే 387. ముందు టైరు మీద మామూలుగా కనిపించే 58కి 236 కిలోలు. చివరి అక్షరం వేగానిది: హెచ్ అయితే గంటకి 210 కిలోమీటర్లు, వీ అయితే 240, డబ్ల్యూ అయితే 270. అంత వేగంగా పోయేది లేకపోయినా, బండి కంపెనీ చెప్పినదానికన్నా తక్కువ గుర్తున్న టైరు వేయకండి.

పెట్రోలు నిండుగా ఉన్న బండి 280 కిలోలు, ఇద్దరు మనుషులు 140, సామాను 30 అనుకుందాం. మొత్తం 450. అందులో 60 శాతం వెనక చక్రం మీద పడినా 270 కిలోలు. 365 మోసే టైరుకి ఇదేం లెక్క అనిపిస్తుంది. కానీ ఆ 365 టైరు పక్కన రాసిన గాలి ఉన్నప్పటి మాట. చాలా టైర్ల మీద అది 42 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) అని ఉంటుంది. మెత్తగా ఉంటుందని గాలి తగ్గించుకుని తిరిగితే ఆ బలం ఉండదు.

ఒకే పేరుతో రెండు రకాలు అమ్మడం ఇంకో చిక్కు. మిషెలిన్‌లో రోడ్ 6, రోడ్ 6 జీటీ ఉన్నాయి. బ్రిడ్జ్‌స్టోన్‌లో టీ32, టీ32 జీటీ. జీటీ అన్నవి బరువైన టూరింగ్ బళ్ల కోసం లోపలి అల్లిక గట్టిగా చేసినవి. తేలిక బండి మీద ఒంటరిగా తిరిగేవాళ్లు మామూలు రకాన్ని మెచ్చుకుంటే, ఆ మెప్పు చూసి నాలాంటివాళ్లు దాన్ని కొనేయడం తప్పు. హోండా గోల్డ్ వింగ్ ఉన్నవాళ్లకి ఈ టెన్షన్ తక్కువ. 2018 నుంచి వస్తున్న బండికి ముందు 130/70 ఆర్ 18, వెనక 200/55 ఆర్ 16. ఆ సైజుల్లో దొరికేవే కొన్ని.

180/55 బదులు 190/50 వేస్తే బండి బాగుంటుందని చెప్పేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. అయిదున్నర అంగుళాల వెడల్పున్న రిమ్ము మీద టైరు నొక్కుకుపోయి దాని వంపు మారుతుంది, చుట్టుకొలత కూడా ఒక శాతానికి పైగా తగ్గుతుంది. ఫొటోలో బాగుంటుంది, అంతే.

ఇక రబ్బరు. తిన్నటి రోడ్డు మీద గంటలకొద్దీ పోయేవాళ్లకి టైరు నడుమే అరుగుతుంది. అందుకని చాలా టూరింగ్ టైర్లలో నడుమ గట్టి రబ్బరు, అంచుల్లో మెత్తని రబ్బరు వాడతారు. కాంటినెంటల్ వాళ్లు రోడ్ అటాక్ టైర్లకి ఒకటే రబ్బరు వాడి, దాన్ని ఉడికించే వేడిని నడుమ ఒకలా, అంచుల్లో ఒకలా ఉంచి ఆ తేడా తెస్తారు. ఏ పద్ధతి గొప్పదన్న వాదన నాకు అక్కర్లేదు. తడి రోడ్డు మీద, చలిలో పట్టు కావాలంటే రబ్బరులో సిలికా (రబ్బరులో కలిపే ఒక రకం పొడి) బాగా ఉండాలి, అదొక్కటీ అడుగుతాను. "ఎన్ని కిలోమీటర్లు వచ్చింది?" అని ఎవరినైనా అడిగితే, ఎంత బరువుతో, ఎంత ఎండలో, ఎలాంటి రోడ్డు మీద అని కూడా అడగండి. లేకపోతే ఆ అంకెతో మీకు పని లేదు.

నమ్మదగిన అంకె మీ చేతిలోనే ఉంది. గాడి లోతు కొలిచే చిన్న గేజ్ ఒకటి కొనుక్కోండి. వేయించిన రోజు, ఆ తర్వాత ప్రతి 2,000 కిలోమీటర్లకీ, టైరు నడుమ ఒకచోట, అంచు దగ్గర ఒకచోట కొలిచి రాసుకోండి. ఎప్పుడూ అవే చోట్లు. వెనక టైరు నడుమ లోతు 6.5 మిల్లీమీటర్లతో మొదలై 4,000 కిలోమీటర్లకి 4.5కి వచ్చిందనుకోండి. అంటే వెయ్యికి అర మిల్లీమీటరు. 2 దగ్గర మార్చేస్తానంటే మొత్తం 9,000 కిలోమీటర్లు వస్తుంది. టైరు ధరకి బిగింపు, బ్యాలెన్సింగ్ ఖర్చు కలిపి 9తో భాగిస్తే వెయ్యి కిలోమీటర్లకి ఎంత పడుతోందో తేలుతుంది. రెండు టైర్లని ఆ అంకెతో పోల్చండి. ఎక్కువ ధర టైరు ఇక్కడ చవకగా తేలడం మామూలే.

గాలి విషయంలో నాకు చాదస్తం ఎక్కువ. రెండు పీఎస్‌ఐ తేడా ఉంటే బండి తీరే మారిపోతుంది, ఇక పోల్చేదేముంది? బండి పుస్తకంలో ఇద్దరికీ, సామానుకీ కలిపి ఎంత చెప్పారో అంతే కొట్టండి. టైరు మీద రాసిన గరిష్ఠ అంకె కాదు. బండి తీయకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు, ఎప్పుడూ ఒకటే గేజ్‌తో చూడండి. వాతావరణం 10 డిగ్రీలు చల్లబడితే ఒకటిన్నర, రెండు పీఎస్‌ఐ దానంతటదే తగ్గిపోతుంది.

నడిపి చూసేటప్పుడు దారి ఒకటే ఉండాలి, బరువు ఒకటే ఉండాలి, సస్పెన్షన్ ముట్టుకోకూడదు. నేను చూసేవి: నెమ్మదిగా యూ టర్న్ తిప్పినప్పుడు బండి ఒక్కసారిగా పక్కకి పడబోతోందా, మలుపు మధ్యలో బ్రేకు తాకిస్తే నిటారుగా లేస్తోందా, తడిసిన తెల్ల గీతల మీద వెనక చక్రం జారుతోందా, పెట్టెలన్నీ నింపి వేగంగా పోతే హ్యాండిల్ ఊగుతోందా. గతుకుల సంగతి మా ఆయనకి వదిలేస్తాను. టైర్ల గురించి ఆయనకి ఒక్క ముక్క తెలియదు. కానీ ఏ టైరు నడుముకి తగులుతోందో ఆయన చెప్పినంత సూటిగా ఏ రివ్యూలోనూ లేదు. బండి ఆపగానే రాసేసుకోండి, ఇంటికెళ్లి రాద్దామంటే అన్నీ ఒకేలా గుర్తుంటాయి.

ఇదే పరీక్షని సగం అరిగాక మళ్లీ చేయండి. వెనక టైరు నడుమ చదునైతే, బండిని వాల్చేటప్పుడు ఒక అంచు దాటినట్టు తెలుస్తుంది. కొన్ని టైర్లు ఆ దశకి తొందరగా వస్తాయి, కొన్ని గాడి దాదాపు అయిపోయేదాకా గుండ్రంగానే ఉంటాయి. ముందు టైరు మీద వేలు ముందుకీ వెనక్కీ పోనివ్వండి. ఒక దిశలో నున్నగా, ఎదురు దిశలో పళ్లలా తగిలితే అరుగుదల ఎగుడుదిగుడుగా ఉన్నట్టు. మోత, వణుకు వచ్చేది అక్కడినుంచే. నావరకు 1,000 కిలోమీటర్లు తక్కువ వచ్చినా గుండ్రంగా అరిగే టైరే మేలు.

కొనేటప్పుడు డీఓటీ అన్న అక్షరాల వరుసలో చివరి నాలుగంకెలు చూడండి. 1524 అంటే 2024లో 15వ వారం. నీడలో ఏడాది నిల్వ ఉన్న టైరుకి భయపడక్కర్లేదు. అయిదేళ్లు దాటితే ఏటా చూపించుకోండి, పదేళ్లు దాటితే గాడి ఎంత ఉన్నా తీసేయండి. ముందూ వెనకా ఒకే మోడల్ జత వేయండి, బండి కంపెనీ చెబితే తప్ప రేడియల్‌ని (లోపలి దారాలు అడ్డంగా ఉన్న టైరు, సైజులో ఆర్ అని ఉండేది) బయాస్‌తో (దారాలు ఏటవాలుగా ఉన్నది) కలపకండి.

బిగించేటప్పుడు పక్కనే నిలబడి, టైరు మీది బాణం చక్రం తిరిగే వైపుకే ఉందో లేదో చూసుకోండి. మీటరు రీడింగ్ బిల్లు మీద రాయించండి. కొత్త రబ్బరు పైపొర జారుతుంది కాబట్టి మొదటి 150 కిలోమీటర్లు గట్టిగా బ్రేకు వేయకుండా, కొద్దికొద్దిగా వాల్చుతూ నడపండి. ఆ 150 కిలోమీటర్లలో కనిపించినదేదీ నోట్సులో రాయకండి.