వెనక షాక్ ఆర్డర్ పెట్టే ముందు టేపు తీయండి

దేవమాలి కొండ ఎక్కి దిగిన కుర్రాళ్లు జయపురంలో మా షెడ్డు ముందు బండి ఆపి చెప్పేది ఒకటే మాట: "అన్నా, కంపెనీ షాక్ వేస్ట్. మంచిదేదైనా వేసెయ్." అప్పటికే ఫోన్లో ఏదో షాక్ అబ్జార్బర్ చూసి పెట్టుకుని ఉంటారు. వెనక టైర్లో గాలి చూశావా అంటే నవ్వుతారు. అలా నవ్విన వాళ్ల టైర్లలోనే నలభై దాటిన గాలి చూశాను. టైరు చల్లగా ఉన్నప్పుడు, బండి మీద రాసి ఉన్నంతే గాలి పెట్టండి. ఆ పని కాకుండా కిందది చదివి లాభం లేదు.

గుంతలో పడితే వెనక ధడేల్‌మంటోంది

ఇద్దరు మనుషులు, సైడ్ బాక్సులు, టెంటు ఎక్కించుకుని సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కుతారు. ప్రీలోడ్, అంటే షాక్ స్ప్రింగ్‌ని ముందే నొక్కి పెట్టే బిగింపు, మాత్రం షోరూమ్ నుంచి వచ్చినప్పటిదే. ముందు బండి ఎంత కుంగుతుందో కొలవండి. వెనక చక్రం గాల్లో ఉండగా యాక్సిల్ నుంచి నిటారుగా పైన ఒక గుర్తు దాకా ఒక కొలత. బండి నేల మీద ఖాళీగా ఉన్నప్పుడు రెండోది. సామానంతా కట్టి, హెల్మెట్ పెట్టుకుని మీరు ఎక్కాక మూడోది. మొదటిదానికీ మూడోదానికీ తేడా చక్రం మొత్తం కదలికలో 30 శాతం దగ్గర ఉండాలి. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411కి వెనక కదలిక 180 మి.మీ., అంటే 54 మి.మీ. అటూఇటూ.

ప్రీలోడ్ బిగిస్తే స్ప్రింగ్ గట్టిపడదు, బండి పైకి లేస్తుందంతే. బిగించి బిగించి ఈ 30 శాతం తెచ్చాక ఖాళీ బండి అసలు కుంగట్లేదంటే, అంటే మొదటి రెండు కొలతలకీ తేడా లేదంటే, స్ప్రింగ్ మీ బరువుకి మెత్తనైందని అర్థం. చాలామంది దీన్ని తిరగేసి, గట్టి స్ప్రింగ్ అనుకుని ఇంకా మెత్తనిది కొంటారు.

కొత్త షాక్ వేసినా చిన్న గతుక్కే నడ్డి మీద తన్నినట్టుంది

ఇది నన్ను కూడా ముంచింది. ఓ వానాకాలం పోయాక రాయగడ నుంచి ఒకతను వచ్చాడు. నేనే రిజర్వాయర్ (పక్కన విడిగా ఉండే నూనె డబ్బా) ఉన్న షాక్ తెప్పించి వేశాను. వారానికే తిరిగొచ్చి "పాతదే నయం అన్నా" అన్నాడు. రెండు రోజులు షాక్ మీది అడ్జస్ట్‌మెంట్ క్లిక్కులు తిప్పుతూ కూర్చున్నాను. ఆఖరికి షాక్ విప్పి స్వింగ్‌ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఆడే చెయ్యి) చేత్తో ఎత్తి వదిలితే, వదిలిన చోటే నిలబడిపోయింది. దాని బరువుకి అది కిందికి జారాలి. స్వింగ్‌ఆర్మ్‌ని షాక్‌తో కలిపే మీటల జత, అదే లింకేజ్, దాని బోల్టు సుత్తి దెబ్బలు తింటే గానీ రాలేదు. లోపల ఎర్రటి పొడి. మన కొరాపుట్ మట్టే అనుకున్నాను. తుప్పు! నీడిల్ బేరింగ్‌లు అరిగి ఆ పొడైపోయాయి.

లింకేజ్ ఉండేది బండి కడుపు కింద. బురదంతా దాని మీదే పడుతుంది. దానికి తోడు వాటర్ సర్వీసింగ్ వాడు ప్రెషర్ గన్ నేరుగా సీల్ మీదే పెడతాడు. గ్రీజ్ పోతుంది, నీళ్లు మిగులుతాయి, బయటికి మాత్రం తళతళ.

విప్పకుండానే దీన్ని పట్టొచ్చు. మూడో కొలత రెండుసార్లు తీయండి: ఒకసారి వెనక భాగాన్ని నొక్కి నెమ్మదిగా వదిలి, ఇంకోసారి పైకి ఎత్తి నెమ్మదిగా దించి. కాస్త తేడా మామూలే. పది మి.మీ. దాటితే నేను లింకేజ్ విప్పుతాను. పట్టేసిన లింకేజ్ మీద తీసిన కొలతలన్నీ అబద్ధాలే, వాటిని నమ్మి కొన్న స్ప్రింగ్ కూడా తప్పే. బేరింగ్, లోపలి స్లీవ్, సీల్ కలిపి మార్చి, నీళ్లకు కొట్టుకుపోని గ్రీజ్ నిండా పెట్టండి. మా దగ్గర దసరా ఆయుధ పూజకి ముందే ఏటా ఈ పని చేస్తాం.

రాయగడ బండికి బేరింగ్‌లు మార్చాక పాత షాకే వేసి చూశాం. బ్రహ్మాండంగా నడిచింది. కొత్తది వెనక్కి తీసుకోమని అతను అడగలేదు, నేనూ ఆ మాట ఎత్తలేదు.

గతుకు దాటాక కూడా పడవలా ఊగుతోంది

షాక్ రాడ్ మీద నూనె తడి ఉందా? అయితే డంపింగ్, అంటే స్ప్రింగ్ ఊగకుండా ఆపే పని, పోయినట్టే. ఇప్పుడు నిజంగా కొనండి. పై కన్ను నుంచి కింది కన్ను దాకా (బోల్టు పట్టే రెండు రంధ్రాల మధ్య) పొడవు పాతదానంతే ఉండాలి. ఎత్తు కోసం పొడవుది వేస్తే సైడ్ స్టాండ్ మీద బండి ఒరిగిపోతుంది, చైన్ కోణం మారుతుంది. టూరింగ్‌కి నేను అన్నిటికన్నా ముందు అడిగేది చేత్తో తిప్పే ప్రీలోడ్ నాబ్. పొద్దున ఒక్కరే, సాయంత్రం ఇద్దరు, సామాను వేరే. ప్రతిసారీ ప్రీలోడ్ తిప్పడానికి సి స్పానర్ ఎవరు తీస్తారు? రీబౌండ్ (నొక్కుకున్న షాక్ తిరిగి సాగే వేగం) అడ్జస్ట్‌మెంట్ ఉంటే చాలు. షాక్ నొక్కుకునే వేగాన్ని మార్చే హై స్పీడ్, లో స్పీడ్ కంప్రెషన్ నాబ్‌లకి డబ్బు తగలేయొద్దు. విప్పి నూనె మార్చగలిగే రకమే తీసుకోండి. రెండు షాకుల బండైతే రెండూ కలిపే మార్చండి.

చక్రం బేరింగ్, వంగిన స్వింగ్‌ఆర్మ్ లాంటివి అరుదు. చక్రం పట్టుకుని అటూఇటూ ఊపితే లూజు చేతికే తెలుస్తుంది.

అమ్మేవాడికి మీ బరువు, వెనక మనిషి బరువు, సామాను బరువు విడివిడిగా చెప్పండి. అవేవీ అడగకుండా "అందరికీ ఇదే వేస్తున్నాం" అన్నాడా, ఇంకో కొట్టు చూసుకోండి.