సొంత సైట్ నడుపుకుందాం – 4వ పాఠం: మూట కట్టాం, విప్పేదెవరు?

పోయిన పాఠంలో సీప్యానెల్‌లో (హోస్టింగ్ ఖాతాను బ్రౌజర్‌లోంచే నడుపుకునే ప్యానెల్) డేటాబేస్ (సైట్‌లోని రాతలు, సెట్టింగులు దాచే చోటు) తయారు చేశాం. ఈసారి బ్యాకప్, అంటే సైట్ నకలు దాచుకోవడం.

సీప్యానెల్‌లో బ్యాకప్ పేజీ తెరవగానే 'ఫుల్ బ్యాకప్' కనిపిస్తుంది. ఫైళ్లు, డేటాబేస్‌లు, మెయిళ్లు అన్నిటినీ ఒకే మూటగా కట్టేస్తుంది. నేనూ నెలనెలా అది నొక్కి నిశ్చింతగా ఉండేవాణ్ని. సైట్ పాడైన రోజు వెతికితే, ఆ మూట విప్పే బటన్ మన ప్యానెల్‌లో లేనే లేదు! అది సర్వర్ నడిపేవాళ్లు వాడే వేరే ప్యానెల్, డబ్ల్యూహెచ్ఎంలో ఉంటుంది. తాళం వేసేది మనం, తాళంచెవి ఇంటి ఓనరు దగ్గర. హోస్టింగ్ కంపెనీకి టికెట్ (సాయం కోరుతూ అర్జీ) పెట్టి రెండు రోజులు ఎదురుచూశాను. ఆ టెన్షన్ మీకొద్దు.

పైగా ఆ మూట మామూలుగా మన ఖాతాలోనే, మనకిచ్చిన స్థలంలోనే కూర్చుంటుంది. సర్వర్ పోతే సైటూ, మూటా కలిసే పోతాయి. కాబట్టి కట్టగానే మీ కంప్యూటర్‌లోకి దించుకోండి.

అదే పేజీలో కింద హోమ్ డైరెక్టరీ (మన ఫైళ్లన్నీ ఉండే ఫోల్డర్), డేటాబేస్ విడివిడిగా ఉంటాయి. వీటిని దించుకుంటే తిరిగి ఎక్కించడం మన చేతిలో పనే. నేనిప్పుడు వీటినే నమ్ముతాను.

ఇంకో చిక్కు. 2019లో సీప్యానెల్ ఖాతాల లెక్కన ధర వసూలు చేయడం మొదలుపెట్టాక కొన్ని హోస్టింగ్ కంపెనీలు వేరే ప్యానెళ్లకు మారాయి. అంటే మనం కదలకపోయినా మన ప్యానెల్ మారిపోవచ్చు. సీప్యానెల్ సాధారణంగా డేటాబేస్ పేరు ముందు ఖాతా పేరు తగిలిస్తుంది. కొత్తచోట ఆ పేరు మారి, సైట్ సెట్టింగుల్లో పాత పేరే ఉండిపోతే సైట్ తెరుచుకోదు.

ఈ వారం సాధన: దించుకున్న నకలు నిజంగా పనిచేస్తుందో లేదో వేరే చోట ఎక్కించి చూద్దాం. ఒక సబ్‌డొమైన్ (మన సైట్ పేరు ముందు ఇంకో పేరు తగిలించిన అడ్రస్), ఒక ఖాళీ డేటాబేస్ చేయండి. సీప్యానెల్‌లోనే ఉండే డేటాబేస్ పనిముట్టు పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో, దించుకున్న డేటాబేస్ ఫైల్‌ని ఆ ఖాళీ డేటాబేస్‌లోకి ఎక్కించండి. పెద్దదైతే అప్‌లోడ్ పరిమితి అడ్డొస్తుంది, అప్పుడు టేబుళ్లను రెండు మూడు విడతలుగా ఎక్స్‌పోర్ట్ చేసి ఎక్కించాలి. తర్వాత వర్డ్‌ప్రెస్ ఫైళ్లు సబ్‌డొమైన్ ఫోల్డర్‌లోకి కాపీ చేసి, అక్కడి డబ్ల్యూపీ-కాన్ఫిగ్‌లో (సైట్ ఏ డేటాబేస్ వాడాలో రాసి ఉండే ఫైల్) డేటాబేస్ పేరు, యూజర్, పాస్‌వర్డ్ కొత్తవి రాయండి. ఇది మరిచిపోతే మీరు ప్రయోగం చేస్తున్నది అసలు సైట్ మీదే, జాగ్రత్త!

ఇక సబ్‌డొమైన్ తెరవండి. అది అసలు సైట్‌కే పరుగెత్తితే కంగారు పడొద్దు, నకలులో పాత అడ్రసే రాసి ఉంటుంది. కొత్త డేటాబేస్‌లో ఆప్షన్స్ టేబుల్ తీసి, సైట్‌యూఆర్‌ఎల్, హోమ్ అనే రెండు వరసల్లో అడ్రస్ మార్చి మళ్లీ తెరవండి.