ఓసీటీ రిపోర్టును డిమెన్షియా భయంతో చదివేవారికి

రెటీనా, ఆప్టిక్ నరం పిండదశలో మెదడు నుంచే ఏర్పడతాయి. అందుకే అల్జీమర్స్ వంటి డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్షీణించే) జబ్బుల్లో మెదడు కణాలు క్షీణించేటప్పుడు కంటి వెనుక నరాల పొర కూడా పలుచబడుతుందా అని పరిశోధకులు వెతకసాగారు. 1991లో వెలుగులోకి వచ్చిన, కాంతితో కంటి లోపలి పొరలను చిత్రించే ఓసీటీ స్కాన్ ఆ పొరను మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో) కొలిచే వీలు కల్పించాక, పెద్ద అధ్యయనాల్లో పొర పలుచగా ఉన్నవారికి జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి పరీక్షల్లో మార్కులు కొంత తక్కువగా రావడం కనిపించింది. అయితే అది వేలమంది సగటు మాత్రమే. ఒక మనిషి స్కాన్ చూసి డిమెన్షియా వస్తుందనో రాదనో తేల్చగల కొలత నేటికీ లేదు.

రిపోర్టు చేతికి రాగానే చూపు ఎర్ర రంగు మీదికే పోతుంది. దానికంటే ముందు, స్కాన్ ఎంత స్పష్టంగా వచ్చిందో చెప్పే సిగ్నల్ స్ట్రెంగ్త్ చూడండి. కొన్ని యంత్రాల్లో అది 10కి 6 కంటే తగ్గితే కొలతను నమ్మరు. శుక్లం ముదిరినా, కన్ను పొడిబారినా సిగ్నల్ తగ్గి, పొర ఉన్నదానికంటే పలుచగా నమోదు కావచ్చు. తర్వాత ఆర్‌ఎన్‌ఎఫ్‌ఎల్ (రెటీనాలోని నరాల పొర) సగటు మందం చూడండి. ఆరోగ్యంగా ఉన్న పెద్దల్లో అది చాలావరకు 90 నుంచి 100 మైక్రాన్ల దరిదాపుల్లో ఉండి, వయసుతో మెల్లగా తగ్గుతుంది. ఎరుపు పడిందంటే అదే వయసు ఆరోగ్యవంతుల్లో నూటికి ఒక్కరికే ఇంత తక్కువ ఉంటుందని అర్థం, అంతకుమించి అది ఏ జబ్బు పేరూ చెప్పదు. మైనస్ పవర్ బాగా ఎక్కువగా ఉన్నవారికి కనుగుడ్డు పొడవుగా ఉండటం వల్ల, జబ్బేమీ లేకపోయినా ఎరుపు పడవచ్చు.

పొర నిజంగానే పలుచబడితే మొదట అనుమానించవలసింది గ్లాకోమాను (నీటికాసులను). కంటి ఒత్తిడి, విజువల్ ఫీల్డ్ (చూపు చుట్టూ ఎంతమేర కనిపిస్తుందో చూసే) పరీక్షలు చేయించకుండా డిమెన్షియా దిగులులో కాలం గడపడమే, నా దృష్టిలో, ఈ స్కాన్ల వల్ల కలిగే అసలు నష్టం, ఎందుకంటే గ్లాకోమా వల్ల పోయిన చూపు తిరిగి రాదు. పాత రిపోర్టుతో పోల్చేటప్పుడు రెండూ ఒకే యంత్రంలో తీసినవై ఉండాలి. అప్పుడు కూడా నాలుగైదు మైక్రాన్ల తేడా కొలతలోని ఊగిసలాటే కావచ్చు.

తెలిసిన దారి తప్పడం, డబ్బు లెక్కలు తారుమారు కావడం వంటివి కనిపిస్తే, స్కాన్‌లో అంతా ఆకుపచ్చగానే (మామూలుగానే) ఉన్నా న్యూరాలజిస్టును కలవండి. సరిచేయని చూపు లోపాన్ని 2024లో లాన్సెట్ కమిషన్ (లాన్సెట్ వైద్య పత్రిక తరఫు నిపుణుల బృందం) డిమెన్షియా ముప్పు కారణాల్లో చేర్చింది కనుక, శుక్లం ఉంటే దాని చికిత్సను వాయిదా వేయవద్దు. జ్ఞాపకశక్తి పరీక్షకు వెళ్లేటప్పుడు సరైన పవర్ ఉన్న కళ్లజోడు పెట్టుకొని వెళ్లాలి. గడియారం బొమ్మ గీయడం, పటం చూసి నకలు దించడం వంటి అంశాల్లో, కాగితం సరిగా కనబడక పోయిన మార్కులు మతిమరుపు ఖాతాలో పడుతుంటాయి.