గాయం తర్వాత – మూడో పాఠం: భయానికి మెట్లు కట్టడం

మొదటి పాఠంలో ఊపిరిని నెమ్మదిగా వదలడం నేర్చుకున్నాం. రెండో పాఠంలో, పాత సంఘటన ఒక్కసారిగా మీద పడినప్పుడు కంటికి కనిపించేవాటిని, చేతికి తగిలేవాటిని ఆసరా చేసుకుని ఇప్పటి రోజులోకి తిరిగి రావడం సాధన చేశాం. ఆ రెండూ కాస్త అలవాటైనవాళ్లు ఈ పాఠం మొదలుపెట్టండి. కానివాళ్లు మరో వారం అక్కడే ఆగండి, నష్టమేమీ లేదు.

ఈసారి నేర్చుకునేది, ఘోర సంఘటన తర్వాత భయంతో తప్పించుకుని తిరుగుతున్న చోటికి మళ్లీ వెళ్లడం. నా దృష్టిలో ఈ ధారావాహిక మొత్తంలో ముఖ్యమైన పాఠం ఇదే.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో గాలి వీచింది. అక్కడి ఉద్దానం ప్రాంతంలో తరాలుగా పెంచుకున్న కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. ఇంతటి దెబ్బ తగిలినా ఎక్కువమంది కాలక్రమంలో కోలుకుంటారని జార్జ్ బొనానో వంటి పరిశోధకులు ఎన్నో ఏళ్లుగా చూపుతూ వచ్చారు. ఈ సంగతి ముందే తెలుసుకోవడం మంచిది. భయపడినవాళ్లంతా రోగులు కారు. మొదటి నెలలో నిద్ర పట్టకపోవడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం మామూలే. నెల దాటినా తగ్గకుండా, పనినీ తిండినీ మనుషులతో కలవడాన్నీ దెబ్బతీస్తుంటేనే దాని సంగతి చూడాలి.

ఒక మాట ముందే చెప్పాలి. ఇంటికి కప్పు లేని మనిషికి, పొయ్యి వెలగని ఇంటికి ఈ పాఠం పనికిరాదు. అక్కడ ముందు కావలసింది రేకులు, బియ్యం, కూలి పని, పరిహారం కాగితాలు. ఆ పనుల్లో సాయం చేయకుండా ‘మనసు గట్టి చేసుకో’ అని వెళ్లిపోవడం ఓదార్పు కాదు. అలాగే ప్రమాదం ఇంకా సాగుతున్న చోట, అంటే ఇంట్లో కొట్టేవాడు ఇంకా ఇంట్లోనే ఉన్నప్పుడు, భయం సరైన పనే చేస్తోంది. ముందు అక్కడి నుంచి బయటపడాలి.

ప్రమాదం గడిచిపోయినా భయం మిగిలినవాళ్ల కోసమే ఈ పాఠం. అది ఎందుకు మిగులుతుంది? మెదడులో అమిగ్డలా అనే చిన్న భాగం ప్రమాదానికి దగ్గరగా ఉన్న ప్రతిదాన్నీ గుర్తుపెట్టుకుంటుంది. గాలి హోరు, తడి మట్టి వాసన, కరెంటు పోయిన చీకటి, అన్నీ అందులోకి వెళతాయి. తర్వాత ఎప్పుడో మామూలు గాలి వీచినా గుండె దడదడలాడుతుంది. వెంటనే ఆ చోటు వదిలేస్తాం. వదిలేయగానే ప్రాణం తేలికపడుతుంది. చిక్కంతా ఆ తేలికలోనే ఉంది. ‘వచ్చేశాను కాబట్టే బతికాను’ అని మెదడు రాసుకుంటుంది. అక్కడే ఉండి ఉంటే ఏమీ జరిగేది కాదని తెలుసుకునే అవకాశం దానికి ఎప్పటికీ రాదు. అలా ఒక చోటు రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. చివరికి మనిషి గది దాటి రాని పరిస్థితి వస్తుంది.

దీనికి విరుగుడు కొత్తది కాదు. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే అమెరికా మనస్తత్వవేత్త కుందేలంటే హడలిపోయే పీటర్ అనే పసివాడి కథ ప్రచురించారు. పిల్లవాడు ఇష్టమైనది తింటూ కూర్చుంటే కుందేలును ముందు గదికి అవతలి మూలన పెట్టి, ఆ తర్వాత కొద్దికొద్దిగా దగ్గరికి తెచ్చారు. చివరికి ఆ పిల్లవాడు దాన్ని చేత్తో నిమిరాడు. ఆ ప్రయోగంలో నాకు బాగా నచ్చేది మరొకటి ఉంది. కుందేలంటే భయం లేని పిల్లలను కూడా పీటర్ పక్కన కూర్చోబెట్టారు. తోడు వల్ల ధైర్యం వస్తుందని మన ఇళ్లలో అందరికీ తెలిసిన సంగతే. ఈ పద్ధతినే తర్వాతివాళ్లు పెంచి పోషించారు. ఘోర సంఘటనల నుంచి బయటపడినవాళ్లకు ఎడ్నా ఫోవా అనే మనస్తత్వవేత్త రూపొందించిన చికిత్సకు ప్రాణం ఇదే.

ఇక పనిలోకి దిగుదాం. ఒక నోటు పుస్తకం తీసుకోండి. మీరు తప్పించుకుంటున్న చోట్లు, పనులు, చప్పుళ్లు అన్నీ రాయండి. పక్కన ఒక్కొక్కదానికి భయం ఎన్ని అణాలో వేయండి. ప్రాణం పోయేంత భయమైతే పదహారణాలు. అసలు లేకపోతే సున్నా. పెద్దవాళ్లకు ఈ లెక్క చప్పున అందుతుంది. పిల్లలకైతే పదికి ఎంత అని అడగండి.

ఉద్దానంలో ఒకావిడ ఉందనుకుందాం. ఆ రాత్రి ఇంటి రేకులు ఎగిరిపోయాయి, చంటిపిల్లను కడుపు కింద పెట్టుకుని మంచం కింద గడిపింది. ఇప్పుడు స్లాబు ఇల్లు ఉంది. అయినా కొబ్బరి ఆకులు గలగలమంటే చాలు, పిల్లను తీసుకుని అక్కగారింటికి వెళ్లిపోతుంది. తోటకు వెళ్లడం మానేసింది. ఆమె పుస్తకంలో ఇలా ఉంటుంది. మిట్టమధ్యాహ్నం అరుగు మీద కూర్చుని ఊగుతున్న మట్టలను చూడటం మూడణాలు. తోటికోడలితో తోట గట్టు దాకా వెళ్లి నిలబడటం ఆరణాలు. తోటలోపల కూర్చుని గాలి చప్పుడు వినడం ఎనిమిదణాలు. అదే సాయంత్రం పూట ఒంటరిగా అయితే పదకొండు. వానరాత్రి కరెంటు లేకుండా సొంత ఇంట్లోనే పడుకోవడం పద్నాలుగు.

ఇందులో ఒక్కొక్కటీ ఒక మెట్టు. ఆమె మూడణాల మెట్టు నుంచే మొదలుపెట్టాలి. ఒకేసారి పద్నాలుగణాల మెట్టు మీదికి తోయాలని చూసే బంధువులు ఉంటారు. వాళ్ల మాట వినకండి. అలా తోస్తే భయం మరింత గట్టిపడే ప్రమాదం ఉంది. తోటలో కూర్చునేటప్పుడు కాయలు దింపిన చెట్ల కిందే కూర్చోవాలి. కాయ తల మీద పడుతుందేమోనన్న జాగ్రత్త నిజమైన ప్రమాదానికి సంబంధించినది, దాన్ని పోగొట్టుకోకూడదు. అలాగే తుపాను హెచ్చరిక వచ్చిన రోజు సాధన లేదు. ఆ రోజు అందరితో పాటు తుపాను రక్షిత కేంద్రానికి వెళ్లడమే.

మెట్టు మీదికి చేరాక ఏం జరుగుతుంది? మొదట భయం పెరుగుతుంది. అరచేతులు చెమర్చుతాయి, కాళ్లు ‘పద పద’ అంటాయి. ఆ సమయంలోనే ఉండిపోవాలి. ఫోను చూస్తూ కూర్చోకండి. కళ్లు తెరిచి ఉంచి, ఈ రోజు తేదీ పైకి చెప్పండి. ఆ రాత్రికీ ఇప్పటికీ ఉన్న తేడాలు చూడండి. అప్పుడు రేకులు, ఇప్పుడు స్లాబు. అప్పుడు చీకటి, ఇప్పుడు ఎండ. అప్పుడు చంటిపిల్ల, ఇప్పుడు బడికి వెళ్లే పిల్ల. అరగంటో, ముప్పావు గంటో గడిచేసరికి చాలామందికి భయం దానంతట అదే దిగుతుంది. మొదలుపెట్టినప్పటి అణాల్లో సగానికి వచ్చాక లేవండి. ఒక్కోసారి అసలు దిగదు. అయినా ఆ రోజు వృథా కాలేదు. అనుకున్న ఘోరం జరగలేదన్న సంగతి మెదడుకు చేరింది. మధ్యలో తట్టుకోలేకపోతే పూర్తిగా ఇంటికి పారిపోకుండా నాలుగడుగులు వెనక్కి వచ్చి, ఊపిరి సర్దుకుని, అదే రోజు మళ్లీ వెళ్లండి. ఒకే మెట్టును రోజూ చేయాలి. అది రెండణాలకు దిగాకే పై మెట్టు. మద్యం తాగి మెట్టు ఎక్కితే లెక్కలోకి రాదు. మత్తులో నేర్చుకున్నది మెదడుకు నిలవదు.

తోడు వచ్చేవారికి ఒక మాట. ‘ఏం కాదులే, నీది మరీ చోద్యం’ అనకండి. అలాగని జాలి కూడా కురిపించకండి. పక్కన కూర్చుని, మధ్యమధ్యలో ‘ఇప్పుడు ఎన్ని అణాలు?’ అని అడిగితే చాలు. ఆ సంఘటన మొత్తం చెప్పమని అస్సలు గుచ్చకండి. పరామర్శకు వచ్చిన ప్రతివారికీ మొదటి నుంచీ చెప్పించడం మనలో ఉన్న అలవాటు. ఘోరం జరిగిన వెంటనే బలవంతంగా ఒక్కసారి అంతా చెప్పించడం వల్ల తర్వాతి బాధ తగ్గదని, కొందరికి పెరుగుతుందని కూడా పరిశోధనల్లో తేలింది. వాళ్లంతట వాళ్లు చెబితే మాత్రం పని ఆపి వినండి. కొన్నాళ్లకు తోడు కూడా కొంచెం కొంచెంగా తగ్గాలి. మొదట పక్కన, తర్వాత గట్టు మీద, ఆపైన ఇంటి దగ్గర.

జడుసుకున్నవాళ్లకు దిష్టి తీయడం, తాయెత్తు కట్టడం మన పల్లెల్లో ఉంది. దాని వెనుక కన్నతల్లి ఆరాటం ఉంటుంది, నేను దాన్ని తీసిపారేయమనను. కింది మెట్లు తాయెత్తుతోనే ఎక్కండి. అయితే ‘తాయెత్తు ఉండబట్టే బతికాను’ అనిపిస్తుంటే, పై మెట్లలో ఒకసారి దాన్ని దేవుడి గూట్లో పెట్టి వెళ్లి చూడండి. ధైర్యం మీదేనని మెదడుకు అప్పుడే తెలుస్తుంది.

రైలు భయానికీ ఇదే దారి. 2023 అక్టోబరు 29 రాత్రి విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర పలాస ప్యాసింజరును వెనుక నుంచి రాయగడ ప్యాసింజరు ఢీకొంది. అలాంటి ప్రమాదం నుంచి బయటపడినవారు స్టేషను బయట టీ కొట్టు దగ్గర నిలబడటంతో మొదలుపెట్టవచ్చు. తర్వాత ప్లాట్‌ఫారం టిక్కెట్టు కొని బెంచీ మీద కూర్చుని రైళ్లు వచ్చిపోవడం చూడాలి. ఆపైన విజయనగరం నుంచి తోడుతో పక్క స్టేషనైన కోరుకొండ దాకా ఒక చిన్న ప్రయాణం. ఆ తర్వాత అలమండ. కంటకాపల్లి దాటడం అన్నిటికన్నా పై మెట్టు. దానికి నెలలు పట్టినా తొందర లేదు.

ఒక సంగతి తెలియక చాలామంది నిరాశపడతారు. సాధన పాత భయాన్ని చెరిపేయదు, దాని పక్కన కొత్త జ్ఞాపకాన్ని నిలబెడుతుంది. అణిగిపోయిన స్పందన కొంత విరామం తర్వాత మళ్లీ తలెత్తుతుందని రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్ తన ప్రయోగాల్లోనే చూశారు. కాబట్టి అక్టోబరు వచ్చి, బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న వార్త వినగానే రెండణాల భయం ఏడణాలైతే కంగారుపడకండి. మొదటి మెట్టు నుంచి మళ్లీ ఎక్కండి. ఈసారి త్వరగా ఎక్కుతారు.

ఈ పాఠం ఒంటరిగా చేయకూడనివాళ్లు కొందరున్నారు. చనిపోవాలన్న ఆలోచన వస్తున్నవారు, మెలకువగా ఉండగానే ఆ సంఘటన మళ్లీ జరుగుతున్నట్టు ఒళ్లు మరిచేవారు, తాగుడు పెరిగినవారు, గుండె జబ్బు ఉన్నవారు ముందు వైద్యులను కలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. అయినవాళ్లను పోగొట్టుకున్నవారి దుఃఖానికి ఈ మెట్ల లెక్క సరిపోదు. దానికి ఐదో పాఠం వేరుగా ఉంటుంది.

ఈ వారం పని: జాబితా రాయండి, అణాలు వేయండి, తోడు ఎవరో మాట్లాడి పెట్టుకోండి. నాలుగణాలు మించని మెట్టు ఒకటి ఎంచుకుని రోజూ ఒకే వేళకు చేయండి. వెళ్లేముందు ఎన్ని అణాలు, మధ్యలో ఎన్ని, లేచేటప్పుడు ఎన్ని అన్నది ప్రతిరోజూ రాయండి. జరుగుతుందని భయపడినదేమిటి, జరిగినదేమిటి అన్నవి కూడా పక్కపక్కన రాసి ఉంచండి. నాలుగో పాఠం నిద్ర గురించి, పీడకలల గురించి. అందులో ఈ పుస్తకంతోనే పని ఉంటుంది.