కుర్రవాడి కారు బీమా, కార్డులో అనుకోని కోత: సమస్య - పరిష్కారం

కర్నూలులో ఉద్యోగం వచ్చిన ఏడాదికే మా అన్నగారి అబ్బాయి ఒక పాత కారు కొన్నాడు. పాలసీ అబ్బాయి పేరున ఉంది, ప్రీమియం మా అన్నగారి డెబిట్ కార్డుతో కట్టారు, పాలసీ పత్రం ఏజెంటు ఈమెయిల్‌కు వెళ్లింది. మరుసటి ఏడాది అన్నగారి ఖాతా నుంచి తొమ్మిది వేల పైచిలుకు ఒక్కసారిగా పోయింది. అది ఎందుకు పోయిందో ఆ ముగ్గురిలో ఒక్కరికీ తెలియలేదు. కర్నూలులోనే కాదు, అనంతపురం, కడపలలో కూడా ఇరవై రెండేళ్ల కుర్రవాడి కారు బీమా సాధారణంగా ఇలాగే నడుస్తుంది: కారు ఒకరిది, కార్డు ఇంకొకరిది, పాలసీలో నమోదైన ఫోన్ నంబరు మూడో మనిషిది. అనుకోని కోతల్లో ఎక్కువ భాగానికి మూలం మోసం కాదని, ముందే పంపిన సమాచారం చేరవలసిన మనిషికి చేరకపోవడమేనని నా అనుభవం.

అందువల్ల కారణం వెతికే ముందు ఈ ముగ్గురి దగ్గర ఉన్న కాగితాలను ఒకచోట చేర్చాలి. బ్యాంకు స్టేట్‌మెంటులో ఆ కోతకు సంబంధించిన వరుస, పాలసీ షెడ్యూలు (పాలసీ వివరాలన్నీ ఉండే పత్రం), అందులోని ప్రీమియం విభజన పట్టిక, బీమా కోసం మొదట నింపిన ప్రతిపాదన పత్రంలో రాసిన ఫోన్ నంబరు, ఈమెయిల్ చేతిలో ఉంటే సగం పని అయినట్టే.

ముందుగా చేయకూడని పని

డబ్బు పోయిందన్న కంగారులో చాలామంది మొదట బ్యాంకుకు ఫోన్ చేసి ఆ చెల్లింపును వెనక్కి రప్పించమని అడుగుతారు. ఓటీపీ ఎవరికైనా చెప్పిన సందర్భంలోనో, కారుతో ఏ సంబంధమూ లేని చెల్లింపు అయినప్పుడో అది సరైన పనే. కానీ ఆ డబ్బు నిజంగా మీ కారు ప్రీమియమే అయితే పరిస్థితి వేరు. 1938 బీమా చట్టం 64వీబీ సెక్షన్ ప్రకారం ప్రీమియం చేతికి అందనిదే బీమా సంస్థ బాధ్యత స్వీకరించదు. చెల్లింపు వెనక్కి పోతే పాలసీ రద్దయ్యే ప్రమాదం ఉంది. బీమా లేని బండి నడిపితే మోటారు వాహనాల చట్టం కింద మొదటిసారి 2,000 రూపాయలు, మళ్లీ దొరికితే 4,000 రూపాయలు జరిమానా, మూడు నెలల వరకు జైలు కూడా పడవచ్చు. అంతకన్నా భయపడవలసింది వేరే ఉంది. 44వ జాతీయ రహదారి మీద ఆ రోజే ప్రమాదం జరిగితే ఎదుటివారికి ఇవ్వవలసిన పరిహారమంతా కారు యజమాని మెడకు చుట్టుకుంటుంది. పోయిన తొమ్మిది వేలను నిదానంగా రాబట్టుకోవచ్చు, ఆ పరిహారం ఒక కుటుంబాన్ని కుంగదీస్తుంది. కాబట్టి ముందు ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి, ఈ రోజుకు బీమా చెల్లుబాటులో ఉందో లేదో చూసుకోండి.

లక్షణం: ఏడాది తిరిగేసరికి మొత్తం ప్రీమియం దానంతటదే పోయింది, ఓటీపీ కూడా అడగలేదు

మా అన్నగారికి జరిగింది ఇదే. దీనికి కారణం ఈ-మాండేట్, అంటే ఖాతా నుంచి ఏటా డబ్బు తీసుకోవడానికి ముందే ఇచ్చిన అనుమతి. మొదటి ఏడాది ఆన్‌లైన్‌లో ప్రీమియం కట్టేటప్పుడు ఏటా దానంతటదే రెన్యువల్ అయ్యేందుకు ఒక గడి ఉంటుంది. దాన్ని టిక్ చేసి, ఒకసారి ఓటీపీ ఇచ్చినట్లయితే అనుమతి నమోదైపోతుంది. ఆ సమయంలో ఖాతాలో ఒక రూపాయో రెండు రూపాయలో కోత కనిపిస్తే, అది చాలావరకు ఆ నమోదుకు గుర్తే. రిజర్వు బ్యాంకు 2023 డిసెంబరులో బీమా ప్రీమియానికి ఓటీపీ లేకుండా తీసుకోగల పరిమితిని లక్ష రూపాయలకు పెంచింది కనుక, ఆ లోపు మొత్తాలకు తర్వాతి సంవత్సరాల్లో ఓటీపీ అవసరం ఉండదు. అయితే డబ్బు తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు కార్డు జారీ చేసిన బ్యాంకు ఎంత మొత్తం, ఎవరికి, ఏ తేదీన అన్నది ఖాతాదారుకు తెలియజేసి తీరాలి. ఆ సందేశం అన్నగారి ఫోన్‌కు వచ్చింది కూడా. రోజూ వచ్చే ప్రకటనల మధ్య ఆయన దాన్ని చదవలేదు. అబ్బాయి మాత్రం ఆ సంగతి తెలియక అదే వారంలో మరో సంస్థ దగ్గర తక్కువ ధరకు పాలసీ తీసుకున్నాడు. ఫలితంగా ఒకే కారుకు ఒకే తేదీ నుంచి రెండు పాలసీలు వచ్చాయి.

పరిష్కారం రెండు భాగాలుగా ఉంటుంది. మొదటిది మాండేట్‌ను రద్దు చేయడం. బ్యాంకు యాప్‌లో గానీ వెబ్‌సైట్‌లో గానీ నమోదైన మాండేట్ల జాబితా తెరిచి, అక్కడే ఓటీపీతో దాన్ని తొలగించాలి. కార్డు మార్చుకున్నంత మాత్రాన మాండేట్ పోయిందని అనుకోవద్దు, జాబితాలో చూసి నిర్ధారించుకోండి. రెండవది డబ్బు రాబట్టుకోవడం. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 జూన్‌లో ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం ఏడాది కాలపు పాలసీని కారణం చెప్పకుండానే రద్దు చేసుకోవచ్చు. క్లెయిమ్ ఏదీ చేయకపోతే మిగిలిన కాలానికి దామాషా ప్రకారం ప్రీమియం తిరిగి ఇవ్వాలి. ఐతే థర్డ్ పార్టీ బీమా, అంటే ఎదుటివారికి జరిగే నష్టానికి వర్తించే బీమా, చట్టప్రకారం తప్పనిసరి కాబట్టి, బండికి మరో పాలసీ ఉందన్న రుజువు చూపకుండా రద్దు చేయరు. మావాళ్లు రెండో పాలసీ నకలును, స్టేట్‌మెంటును జత చేసి రాతపూర్వకంగా అడిగారు. మూడో వారంలో డబ్బు వచ్చింది. ఆలస్యం చేసిన ప్రతి రోజూ తిరిగి వచ్చే మొత్తం తగ్గుతుంది, కాబట్టి ఈ ఉత్తరం తెలిసిన రోజునే పంపాలి.

లక్షణం: డబ్బు పోయింది, పాలసీ రాలేదు; లేదా ఒకే మొత్తం రెండుసార్లు పోయింది

నెట్ మధ్యలో ఆగిపోయి మళ్లీ నొక్కినప్పుడు ఇది జరుగుతుంది. కార్డుతో ఆన్‌లైన్‌లో కట్టిన డబ్బు ఖాతా నుంచి పోయి వ్యాపారికి ధ్రువీకరణ చేరకపోతే, ఐదు రోజుల లోపు దానంతటదే వెనక్కి రావాలని, ఆ తర్వాత ఆలస్యమైన ప్రతి రోజుకు బ్యాంకు 100 రూపాయలు పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ఆదేశించింది. రెండు చెల్లింపులూ బీమా సంస్థకు చేరి ఉంటే మాత్రం ఈ నిబంధన వర్తించదు. అప్పుడు రెండు లావాదేవీల నంబర్లతో సంస్థనే అడగాలి.

పాత పాలసీ గడువు దాటిన తర్వాత కట్టినవారు ఇంకో సంగతి గమనించాలి. సొంత నష్టం బీమాకు, అంటే మీ కారుకే జరిగే నష్టానికి వర్తించే బీమాకు, బండిని తనిఖీ చేయవలసి ఉంటుంది, అది పూర్తయ్యేదాకా పాలసీ ఇవ్వకుండా డబ్బును అట్టే ఉంచుతారు. అంతవరకు కారు బయటకు తీయకండి.

లక్షణం: కారు కొన్న కొన్ని వారాలకు, అడగని అదనపు మొత్తం

కుర్రవాళ్లు ఎక్కువగా పాత కార్లే కొంటారు కనుక ఇది తరచుగా ఎదురవుతుంది. పాత యజమానికి క్లెయిములు లేనందుకు వచ్చిన నో క్లెయిమ్ బోనస్, అంటే సొంత నష్టం ప్రీమియం మీద 20 నుంచి 50 శాతం వరకు ఉండే తగ్గింపు, ఆయనకే చెందుతుంది, కారుతో పాటు రాదు. పాలసీని మీ పేరుకు మార్చేటప్పుడు మిగిలిన కాలానికి ఆ తగ్గింపు మొత్తాన్ని సంస్థ మీ దగ్గర వసూలు చేస్తుంది, మార్పు రుసుము దానికి అదనం. ఇది తప్పుడు కోత కాదు, దీని మీద ఫిర్యాదు చేసి ప్రయోజనం లేదు. అయితే లెక్క మాత్రం అడగండి. యాజమాన్యం మారిన 14 రోజుల లోపు ఈ మార్పు కోరకపోతే మీ కారుకు జరిగే నష్టానికి బీమా వర్తించకుండా పోవచ్చు.

నెలనెలా చిన్న మొత్తాలు పోతుంటే ప్రీమియాన్ని క్రెడిట్ కార్డు మీద ఈఎంఐగా మార్చారేమో చూడండి. వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ పడడం వల్ల వాయిదా మొత్తం అనుకున్నదానికి సరిపోలదు.

లక్షణం: చెప్పిన ధర ఒకటి, పోయిన మొత్తం ఇంకొకటి

"పిల్లవాడు నడుపుతాడు కదా, అందుకే ఎక్కువ" అని ఎవరైనా చెబితే ఒప్పుకోవద్దు. మన దేశంలో థర్డ్ పార్టీ ప్రీమియాన్ని ఇంజను సామర్థ్యం బట్టి ప్రభుత్వమే నిర్ణయిస్తుంది, నడిపేవారి వయసుతో దానికి సంబంధం లేదు. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన రేట్లలో 1,000 సీసీ లోపు సొంత కారుకు 2,094 రూపాయలు, 1,000 నుంచి 1,500 సీసీ వరకు 3,416 రూపాయలు. దీనికి 18 శాతం జీఎస్టీ కలిపితే రెండో మొత్తం 4,031 అవుతుంది. చెప్పిన ధరకు, పోయిన మొత్తానికి మధ్య తేడా సరిగ్గా ఈ పన్ను మేరకే ఉంటే సమస్య లేనట్టే.

తేడా ఇంకా పెద్దదైతే ప్రీమియం విభజన పట్టికలో రెండు అంశాలు చూడండి. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి తీసుకోవలసి ఉంది. అందువల్ల రెండో ఏడాది, మూడో ఏడాది సొంత నష్టం పాలసీ ఒక్కటి చాలు. తెలియక మళ్లీ ఈ రెండూ కలిసిన పూర్తి ప్యాకేజీ పాలసీ ఇచ్చి ఉంటే, మొదటి పాలసీ చూపి అదనపు భాగాన్ని రద్దు చేయించవచ్చు. అలాగే యజమాని-డ్రైవరుకు 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఇప్పటికే వేరుగా ఉన్నట్లయితే కారు పాలసీలో దాన్ని మళ్లీ కొననవసరం లేదు. ఏజెంటు ఒక మాట అడిగి ఉంటే ఈ రెండూ తప్పేవి.

లక్షణం: స్టేట్‌మెంటులో ముక్కూ మొహం తెలియని పేరు

తరచుగా అది పేమెంట్ గేట్‌వే, అంటే ఆన్‌లైన్ చెల్లింపును మధ్యలో ఉండి నడిపే సంస్థ, పేరు. తేదీ, పైసలతో సహా మొత్తం, ప్రీమియం రసీదుతో సరిపోలితే చింత లేదు. సరిపోలకపోతే ఆ రోజే కార్డు ఆపించి, సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. మీ తప్పు, బ్యాంకు తప్పు లేకుండా జరిగిన మోసాన్ని, బ్యాంకు సందేశం అందిన తర్వాత మూడు పనిదినాల లోపు తెలియజేస్తే, రిజర్వు బ్యాంకు 2017 జూలై ఆదేశం ప్రకారం మీ మీద భారం పడదు. పది పనిదినాల్లో ఆ మొత్తాన్ని ఖాతాలో తాత్కాలికంగా జమ చేయాలి. "రెన్యువల్ ఆగిపోయింది" అని ఫోన్ చేసినవారికి మీరే ఓటీపీ చెప్పి ఉంటే, ఫిర్యాదు చేసేదాకా పోయినదంతా మీదే అవుతుంది, ఆ తర్వాత పోయినది బ్యాంకుదే. అప్పుడు గంటలు కూడా లెక్కలోకి వస్తాయి.

సంస్థ పలకనప్పుడు

బీమా సంస్థ ఫిర్యాదుల విభాగానికి రాసి రెండు వారాలు చూడండి. తర్వాత ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో గానీ 155255 నంబరులో గానీ నమోదు చేయవచ్చు. ఆ పైన మన జిల్లాలకు బీమా అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు విచారించే అధికారి) హైదరాబాదులో ఉన్నారు. బ్యాంకు వైపు తప్పయితే 30 రోజుల తర్వాత రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు, దానికి 14448 నంబరు ఉంది. మాట మీద చేసిన ఫిర్యాదు నిలవదు కాబట్టి ప్రతిదానికీ నమోదు సంఖ్య తీసుకోండి.

డబ్బు తిరిగి వచ్చాక మా అన్నగారి అబ్బాయి చేసిన మొదటి పని, పాలసీలో ఏజెంటు ఫోన్ నంబరు, ఈమెయిల్ తీయించి తనవి ఎక్కించుకోవడం. కార్డు అన్నగారిదే కొనసాగుతోంది, మాండేట్ మాత్రం లేదు. గడువుకు నెల ముందే తండ్రీకొడుకులు ఇద్దరూ కూర్చుని రెన్యువల్ చూసుకుంటున్నారు.