మా బెల్లం ఎందుకలా చేస్తుంది? అమెరికన్ వాటర్ స్పానియల్ సమస్యలు - పరిష్కారాలు

అక్కావాళ్లు అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో తొమ్మిదేళ్లు ఉండి తిరిగొచ్చేటప్పుడు బెల్లాన్ని కూడా వెంట తెచ్చుకున్నారు. బెల్లం అంటే కుక్క. పాత బెల్లం రంగు, ఒళ్లంతా ఉంగరాల జుట్టు, మోకాళ్ల మీద గడ్డం ఆనించి మన మొహంలోకే చూసే కళ్లు. తర్వాత బావగారికి పుణెకి బదిలీ అయింది, అక్కడ అద్దె ఇంట్లో కుక్కని ఒప్పుకోలేదు, అలా హైదరాబాద్ అల్వాల్‌లో మా మూడో అంతస్తు ఫ్లాటుకి వచ్చి నాలుగేళ్లయింది. రోడ్డు మీద అందరూ "కాకర్ స్పానియలా?" అని అడుగుతారు. కాదు, అమెరికన్ వాటర్ స్పానియల్. అమెరికాలోనే చాలామంది చూసి ఉండరు.

19వ శతాబ్దం చివర్లో విస్కాన్సిన్‌లో ఫాక్స్, వుల్ఫ్ నదుల వెంట బాతుల వేటగాళ్లు చిన్న చిన్న పడవల్లో తిరిగేవాళ్లు. పెద్ద కుక్క దూకితే పడవ ఒరిగిపోతుంది కాబట్టి వాళ్లకి పడవలో పట్టే కుక్క కావాలి: 15 నుంచి 18 అంగుళాల ఎత్తు, సుమారు 11 నుంచి 20 కిలోల బరువు. పడవలో కదలకుండా కూర్చోవాలి, రెల్లులో దాక్కున్న పక్షిని లేపాలి, తుపాకీ పేలాక గడ్డకట్టే నీళ్లలోకి దూకి పడిన పక్షిని నలపకుండా నోట కరుచుకుని రావాలి. న్యూ లండన్ అనే ఊళ్లో డాక్టర్ ఫైఫర్ ఈ జాతిని నిలబెట్టారు. కుక్కల జాతుల్ని నమోదు చేసే యునైటెడ్ కెన్నెల్ క్లబ్‌లో 1920లో ఈ జాతి నుంచి నమోదైన మొదటి కుక్క ఆయనదే, పేరు కర్లీ ఫైఫర్. అమెరికన్ కెన్నెల్ క్లబ్ 1940లో గుర్తించింది. ఇప్పుడిది విస్కాన్సిన్ రాష్ట్ర కుక్క. ఆ పడవని గుర్తు పెట్టుకుని కింది సమస్యలు చదవండి, మాకు ఆ సంగతి తెలియక మొదటి ఆరు నెలలు దాన్ని అనవసరంగా తిట్టాం.

సమస్య: నీళ్లు కనపడితే చాలు, లాక్కెళ్లిపోతుంది

బకెట్, వాన గుంట, కుళాయి కింద టబ్బు, ఏదైనా సరే. తాగడానికి పెట్టిన గిన్నెలో ముందు కాళ్లు రెండూ పెట్టి గబగబా తవ్వేసేది, హాలంతా నీళ్లు. అమ్మ జారి పడబోయింది కూడా. కారణం చెప్పక్కర్లేదు. దీనికి వారంలో రెండుసార్లయినా ఈత కావాలి, లేకపోతే ఆ కోరిక ఇంట్లో ఎక్కడో ఒక చోట బయటికొస్తుంది. అలాగని అల్వాల్ చెరువులోనో హుస్సేన్ సాగర్‌లోనో మాత్రం దింపొద్దు, ఇది గట్టిగా చెప్తున్నాను. మురుగు ఒకటి, గుర్రపు డెక్కలో కాళ్లు చిక్కుకుంటాయి, పైగా ఎండాకాలం ఆకుపచ్చ పెయింటులా తేలే నాచు ఉన్న నీళ్లు తాగితే కుక్క గంటల్లోనే ప్రాణం మీదికి తెచ్చుకోవచ్చు. వానాకాలం ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది, మనుషులకీ వచ్చే జబ్బే అది, టీకా ఏటా వేయించండి. శివార్లలో కుక్కల కోసం కట్టిన ఈత కొలనులున్నాయి, గంట లెక్కన డబ్బులు తీసుకుంటారు. కుదరని వారం మేడ మీద పిల్లల గాలి టబ్బులో జానెడు నీళ్లు పోసి రబ్బరు బొమ్మలు పడేస్తాం, అరగంటకి అలిసిపోయి వచ్చి పడుకుంటుంది. తాగే గిన్నె బరువైన రాతి గిన్నెకి మార్చాం, అంతే.

సమస్య: తల విదిలించడం, చెవి దగ్గర పుల్లటి వాసన

వేలాడే చెవి, లోపల జుట్టు, ఈత, పైన మన జులై, ఆగస్టు తేమ. ఇవన్నీ కలిస్తే చెవిలో ఫంగస్ పట్టక ఏమవుతుంది. ఈత అయిన వెంటనే చెవి పైకెత్తి మెత్తటి పాత నూలు బట్టతో అందినంత మేర ఒత్తండి, డాక్టర్ ఇచ్చిన చెవి మందుతో శుభ్రం చేయండి. దూది పుల్లలు వద్దు, కొబ్బరి నూనె అసలే వద్దు. గోధుమ రంగు గులిమి కారుతున్నా, ముట్టుకుంటే కుయ్యిమన్నా ఇంటి వైద్యం ఆపి పశువుల డాక్టరుకి చూపించండి.

సమస్య: మూడుసార్లు చెప్పాక మొహం తిప్పేసుకుంటుంది

ఈ జాతి మీద అందరూ చేసే ఫిర్యాదు ఇదే, మొండిదని. నాకైతే ఇది మొండితనమని అనిపించదు. "కూర్చో" అంటే కూర్చుంటుంది, రెండోసారి అన్నా కూర్చుంటుంది, నాలుగోసారికి గోడ వైపు తిరిగి నిట్టూరుస్తుంది. పడవలో ఎప్పుడు దూకాలో, పక్షి ఎటు పడిందో తనే చూసుకుని పని చేసిన కుక్కల వంశం, అర్థమైన పనిని ఊరికే మళ్లీ మళ్లీ చేయించడంలో దానికి ఏ అర్థమూ కనపడదు. దీనికి తోడు మనసు చాలా మెత్తన. ఒకసారి చెప్పు కొరికిందని నేను గట్టిగా అరిచాను. తోక కాళ్ల మధ్య పెట్టుకుని మంచం కిందికి దూరి మర్నాడు సాయంత్రం వరకు నా చేతి అన్నం ముట్టలేదు, అమ్మ పెడితే తినింది. అప్పటి నుంచి ఆ గొంతు మళ్లీ ఎత్తలేదు నేను.

ఏం చేయాలంటే, పాఠం ఐదు నిమిషాలకి మించకూడదు, అదీ ఆకలిగా ఉన్నప్పుడు, ఉడికించిన చికెన్ ముక్క చేతిలో పెట్టుకుని. ఒక పని రెండుసార్లు బాగా చేస్తే ఇంకో పనికి వెళ్లిపోండి. అన్నిటికంటే బాగా పనిచేసేది ముక్కుతో చేసే పని: నా మేజోడు ఒకటి ఇంట్లో దాచి "వెతుకు" అంటాను. బియ్యం డబ్బా వెనక, ఉతికిన బట్టల మూటలో, దేవుడి గది గడప దగ్గర, ఎక్కడ పెట్టినా పట్టేస్తుంది, తెచ్చి చేతిలో పెట్టి ఇంకోసారి అన్నట్టు చూస్తుంది. అప్పుడు దాని మొహం చూడాలి మీరు. కొట్టడం, గొలుసు గుంజడం లాంటివి ఈ జాతి దగ్గర చేస్తే కుక్క మీకు దూరమైపోతుంది, తిరిగి దగ్గరవడానికి నెలలు పడుతుంది.

సమస్య: గిన్నె దగ్గరికెళ్తే గుర్రుమంటుంది

తనదనుకున్న వస్తువుని కాపాడుకునే గుణం కొన్నింటిలో ఉంటుంది. మనం మధ్యలో గిన్నె లాక్కుని "భయం లేకుండా చేద్దాం" అనుకుంటే భయం ఇంకా పెరుగుతుంది. తినేటప్పుడు రెండడుగుల దూరం నుంచి ఇంకా మంచి ముక్క విసిరి వెళ్లిపోండి. రోజూ అలా చేస్తే మనిషి రావడమంటే తీసుకోవడం కాదు, ఇవ్వడమని దానికి తెలుస్తుంది. మాకు రెండు నెలలు పట్టింది. ఇంట్లో చిన్నపిల్లలుంటే తిండి వేళ ఆ గదిలోకి పంపొద్దు, ఒకసారైనా కరిచి ఉంటే సొంతంగా ప్రయత్నించకుండా ప్రవర్తన తెలిసిన నిపుణుల్ని పిలవండి.

సమస్య: గొంతు ఎత్తి రాగం తీస్తుంది, కింది ఫ్లాటువాళ్లు ఊరుకోరు

ఉత్సాహం ఆపుకోలేనప్పుడు మొరుగుడికీ ఏడుపుకీ మధ్యలో ఒక కూత పెడుతుంది, ఈ జాతిలో మామూలే. చెప్పులు వేసుకోగానే మొదలుపెడితే చెప్పులు విప్పి కూర్చోండి. నోరు మూసిన ఆ ఒక్క క్షణంలోనే తలుపు తీయండి. మనం లేనప్పుడు మాత్రమే అరిస్తే అది ఒంటరితనం, ఒక మనిషికి బాగా అతుక్కుపోయే కుక్క ఇది. రెండు నిమిషాలు బయటికెళ్లి రావడంతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచాలి.

సమస్య: జుట్టు

దీంతో ఇబ్బంది చాలా రకాలుగా వస్తుంది. జిడ్డు అనిపిస్తే అది జబ్బు కాదు, నీళ్లు లోపలికి పోకుండా ఉండే సహజమైన నూనె, వారం వారం షాంపూ పెట్టి దాన్ని పోగొట్టొద్దు. ఎండాకాలం కదా అని గుండు కొట్టించొద్దు కూడా, చర్మం మాడుతుంది. దువ్వి, పొట్ట కింద కత్తిరించి, ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఆరులోపే తిప్పండి. దువ్వేటప్పుడే వేళ్లతో చెవుల వెనక, కాలివేళ్ల మధ్య పిడుదులు వెతకండి, ఈ ఉంగరాల్లో అవి కనపడవు, వాటివల్ల వచ్చే జ్వరాలు చాలా ప్రమాదం. దురద లేకుండా రెండు పక్కలా ఒకేలా జుట్టు రాలితే థైరాయిడ్ రక్తపరీక్ష అడగండి. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రిలో చూస్తారు. వెళ్లినప్పుడు గుండె కూడా వినమనండి, ఈ జాతిలో గుండె జబ్బులు వస్తాయి.

సమస్య: నోట్లో పావురంతో వచ్చింది

హైదరాబాద్ బాల్కనీ అంటే పావురాలే కదా. బెల్లం గ్రిల్ పక్కన ముందు కాలు ఒకటి ఎత్తి, ముక్కుపుటాలు తప్ప ఏమీ కదపకుండా పావుగంట నిలబడగలదు. ఒకరోజు వంటింట్లోకి వచ్చి నా ముందు కూర్చుంది, నోట్లో పావురం పిల్ల, బూడిద రంగు రెక్క ఒకటి పక్కకి వేలాడుతోంది. అమ్మ కేక పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాను. అరిచినా వెంటపడినా పళ్లు బిగిస్తుంది, లేదా మంచం కిందికి తీసుకెళ్తుంది. కింద కూర్చుని, అరచెయ్యి చాపి, "ఇవ్వు" అన్నాను, మేజోడుతో రోజూ అనే గొంతుతోనే. నెమ్మదిగా తల వంచి చేతిలో పెట్టింది. ఈకలు ఉమ్ముతో తడిసిపోయాయి, ఒంటి మీద ఒక్క పంటి గాటు లేదు, చేతిలో గుండె టకటకా కొట్టుకుంటోంది. చికెన్ ముక్క బెల్లానికి ఇచ్చి, పిల్లని అట్టపెట్టెలో పెట్టి మేడ మీద గూడు దగ్గర వదిలి, చేతులు సబ్బుతో కడుక్కున్నాను. బాల్కనీకి వల ఆ సాయంత్రమే కట్టించాం. బెల్లం ఇప్పుడు వల ఇవతల నిలబడుతుంది, కాలు అలాగే ఎత్తి.