వీకెండ్ బెంగళూరు ఇందిరానగర్‌లో పేల్ ఏల్ (లేత రంగు బీరు) టేస్టింగా? ముందు ఇవి చూసుకోండి

గ్లాసు అందగానే వాసన చూడండి, గుక్క తర్వాత. క్యాస్కేడ్ లాంటి అమెరికన్ హాప్స్ (బీరుకు చేదు, వాసన తెచ్చే పూలు) ఇచ్చే నారింజ తొక్క, పైన్ వాసన త్వరగా పలచబడుతుంది. అది పోయాక వేసే మార్కులు ఉత్త అంచనాలే.

ఐపీఏ (ఇంకా చేదుగా ఉండే ఏల్) అనుకుని చేదు చాల్లేదనకండి. పేల్ ఏల్‌కి 30–50 ఐబీయూ (చేదు కొలత) చాలు, వెనక మాల్ట్ (మొలకెత్తించిన బార్లీ) రుచి కూడా తెలియాలి.

మరీ చల్లగా ఇస్తే గ్లాసును కాసేపు అరచేతుల్లో పట్టుకోండి. చల్లదనం లోపాలను దాచేస్తుంది. వెన్న వాసన వస్తే పులియబెట్టడంలో తేడా జరిగినట్టు, తడి అట్టపెట్టె వాసనైతే బీరు పాతబడినట్టు.

ముందు ఆంధ్రా మెస్‌లో గోంగూర, ఆవకాయ వద్దు (కష్టమే!). మండే నాలుకకు మాల్ట్ తీపి అందదు.

సెంటు అసలొద్దు. పక్కవాళ్ల గ్లాసు కూడా పాడు.